జీను ఏ తేదీకి సరిపోయింది?

చెప్పు కరిస్తే విప్పి చేత పట్టుకుని నడుస్తాం. జీను కరిస్తే గుర్రానికి ఆ వీలు లేదు. తోక విసురుతుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, పొట్టపట్టీ బిగిస్తుంటే కొరకబోతుంది. మనం దానికి పొగరు అని పేరు పెడతాం. నిరుడు ఇదే జీను వేస్తే చక్కగా నడిచింది కదా, ఇప్పుడేం మాయరోగం అని విసుక్కుంటాం.

చిక్కు ఆ ‘నిరుడు’ అన్న మాటలోనే ఉంది. ఏడాది తిరిగేసరికి గుర్రం వీపు మారిపోతుంది. జీను మాత్రం అదే జీను. కాబట్టి ‘ఈ జీను మా గుర్రానికి సరిపోయింది’ అని ఎవరైనా అంటే, ఏ తేదీకి అని అడగడం న్యాయం.

హైదరాబాదు చుట్టుపక్కల స్వారీ క్లబ్బుల్లో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. అక్కడి గుర్రాల్లో చాలా వాటికి మలక్‌పేట లాంటి రేసు మైదానాల్లో పరిగెత్తిన చరిత్ర ఉంటుంది. పందేలు మానేశాక పిల్లలకు స్వారీ నేర్పే పనికి వచ్చిన థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాలవి. ఆకారం మారే గుర్రం అంటే ఏమిటో చూడటానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అలాంటి ఒక గుర్రాన్ని మనసులో పెట్టుకునే ఇదంతా రాస్తున్నాను. వయసు ఐదేళ్లు. మూపు (మెడ, వీపు కలిసే చోట పైకి లేచిన ఎముక) ఎత్తు, మూపు వెనక రెండు వైపులా గుంటలు, పక్కలు చదును. నిన్నమొన్నటిదాకా పరుగు తప్ప మరో పని తెలియదు.

బరువు పడాల్సిన జాగా

గుర్రం వీపు పొడవుగా కనిపిస్తుంది గానీ జీను కూర్చోగల జాగా చిన్నది. గుర్రానికి మామూలుగా 18 జతల పక్కటెముకలుంటాయి. ముందు భుజపు పలక వెనక అంచు, వెనక చివరి పక్కటెముక, ఈ రెంటి మధ్యలోనే రౌతు బరువు పడాలి. చివరి పక్కటెముక దాటితే నడుము. అక్కడ బరువును మోయడానికి కింద పక్కటెముకల ఆసరా లేదు. వెన్నుపూసల మీద నేరుగా బరువు పడకూడదు కాబట్టి జీను అడుగున రెండు మెత్తల మధ్య కాలువలాంటి ఖాళీ వదులుతారు. ఆ కాలువకు అటూ ఇటూ ఉన్న పొడవాటి కండలే రౌతును మోసేవి. చిన్న పరుగులాంటి ట్రాట్ నడకలో ఒక్కో అడుగుకు ఆ కండల మీద పడే ఒత్తిడి రౌతు బరువుకు దాదాపు రెండింతలదాకా వెళ్తుంది. తూకం మీద 70 కిలోలు ఉన్న మనిషి గుర్రానికి 70 కిలోలే అనుకోకూడదు.

ముందు భాగంలో మరో విశేషం ఉంది. మనకున్నట్టు గుర్రానికి మెడకింద అడ్డ ఎముక లేదు. ముందరి కాళ్లను మొండేనికి కలిపే ఎముకల కీలు ఏదీ లేదు. ఛాతీ అంతా రెండు భుజాల మధ్య కండల ఊయలలో వేలాడుతుంటుంది. ఆ కండలు బలపడితే మొండెం పైకి లేస్తుంది, నీరసిస్తే కిందికి దిగుతుంది. అంటే తూకం ముల్లు కదలకుండానే గుర్రం ఆకారం మారగలదు. పైగా కాలు ముందుకు చాచినప్పుడల్లా భుజపు పలక పైభాగం వెనక్కి తిరుగుతుంది. జీను ముందు కొసలు దాని దారిలో ఉంటే అడుగడుగునా ఎముకకు దెబ్బే. అందుకే అలవాటైన చెయ్యి జీనును మూపు మీదికి వేసి, వెంట్రుకలు పడుకునే దిశలో వెనక్కి జరుపుతూ అది తనంతట తాను ఆగే చోట వదిలేస్తుంది. మన క్లబ్బుల్లో జీనులు చాలావరకు భుజం మీదే ఉంటాయి. రౌతుకు ముందుకు కూర్చున్నట్టు బాగుంటుంది మరి.

ఇక జీను సంగతి. లోపల గట్టి చట్రం ఉంటుంది. స్వారీ చేసేవాళ్లు దాన్ని ట్రీ అంటారు. ఇంగ్లిష్ తరహా జీనులో పలచటి చెక్కపొరలు అంటించి, ఉక్కు పట్టీలు బిగించి చేస్తారు. ప్లాస్టిక్‌తో పోత పోసినవి కూడా ఉన్నాయి. దాని ముందు భాగం, అంటే కమాను, మూపుకు అటూ ఇటూ పెంకుటింటి కప్పులా వాలి ఉంటుంది. కొనేవాళ్లు ‘వెడల్పు ఎంత’ అని ఒక్క కొలతే అడుగుతారు. పెంకుటిల్లు కట్టినవాళ్లకు తెలుసు, వాసాల చివర్ల మధ్య ఎడం ఒకటే అయినా కప్పు వాలు వేరుగా ఉండవచ్చు. ఇక్కడా వాలు, ఎడం రెండూ కుదరాలి. ఇంకో తలనొప్పి ఏమిటంటే, ఒక తయారీదారు మీడియం అన్నది మరొకరి దగ్గర న్యారో కావచ్చు. అందరికీ ఒకే కొలబద్ద లేదు.

వీపు ఎప్పుడెప్పుడు మారుతుంది

ఆకారం మారడం అనగానే లావెక్కడం, చిక్కిపోవడం గుర్తొస్తాయి. అసలు మార్పు అంతకంటే సూక్ష్మం. ఇంగ్లండ్‌లో లీన్ గ్రేవ్, స్యూ డైసన్ అనే పరిశోధకులు 104 క్రీడా గుర్రాల వీపులను ఏడాది పాటు రెండు నెలలకోసారి కొలిచి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏడాదిలో వీపు కొలతలు బాగా మారాయి. రుతువు, శరీర బరువు, చేయించే పని ఇందుకు కారణాలని తేలడంలో వింత లేదు. నన్ను ఆపేసింది నాలుగో కారణం. జీను మునుపటికన్నా బాగా అమరిన గుర్రాల్లో వీపు పెరిగింది. జీనును బట్టి వీపు కూడా మారుతుందన్నమాట. అసలు కథంతా ఇందులోనే ఉంది, కాసేపట్లో మళ్లీ వద్దాం.

అదే పరిశోధకులు అరగంట స్వారీకి ముందూ తర్వాతా కూడా వీపులు కొలిచి చూశారు. గుర్రం సరిగా పని చేసి, జీను సరిగా అమరి ఉంటే, ఆ కొద్దిసేపటికే వీపు కాస్త వెడల్పైంది. తర్వాత మామూలు స్థితికి వస్తుందనుకోండి. కానీ శాలలో ఊరికే నిలబడిన గుర్రం మీద వేలు దూరనంత బిగువుగా చూసి కొన్న జీను, గుర్రం ఒళ్లు వేడెక్కేసరికి ఇరుకవుతుంది.

నిదానంగా వచ్చే మార్పులు వేరే ఉన్నాయి. ఈనిన గుర్రం పొట్ట, వీపు కిందికి వాలుతాయి. ముసలితనంలో వెన్ను కుంగుతుంది. చిన్న వయసులో ముందు భాగం కంటే వెనక భాగం ఎత్తు పెరిగి, కొన్నాళ్లకు ముందు భాగం అందుకుంటుంది. వెన్నుపూసల ఎదుగుదల పూర్తయ్యేసరికి ఐదేళ్లు దాటుతుంది. పందెపు గుర్రం రెండేళ్లకే పరుగులోకి దిగుతుంది కాబట్టి, దాని వృత్తి ముగిసేనాటికి ఒళ్లు ఇంకా ఎదుగుతూనే ఉండవచ్చు.

మన ఐదేళ్ల గుర్రం దగ్గరికి వద్దాం. పందెపు జీను కిలో కూడా ఉండదు. జాకీ రికాబుల మీద లేచి నిలబడతాడు తప్ప వీపు మీద కూర్చోడు. అలాంటి గుర్రం క్లబ్బుకు వచ్చిన మొదటి మూడు నాలుగు నెలల్లో పందెపు బిగువంతా కోల్పోతుంది. పిరుదులు, భుజాలు తగ్గుతాయి. గడ్డి ఎక్కువ, పరుగు తక్కువ కావడంతో పొట్ట పెరుగుతుంది. చూసినవాళ్లు ‘పాడైపోయింది’ అంటారు, యజమాని కంగారుపడి ఉలవలు పెంచుతాడు. ఆ తర్వాత నిదానమైన, సరైన పని పడితే మూపు వెనకాల గుంటలు పూడటం మొదలవుతుంది. ఏడాది చివర చూస్తే ముందు భాగానికి ఒకటి రెండు సైజులు వెడల్పైన చట్రం కావాల్సి రావచ్చు. ఇప్పుడు చెప్పండి, జీను ఎప్పుడు కొనాలి?

ఇరుకు జీను చేసే మాయ

చాలామంది గుర్రం వచ్చిన వారంలోనే కొంటారు. గుర్రం సన్నగా ఉంది కాబట్టి సన్నటి జీను తెస్తారు. వేసి చూస్తే చక్కగా సరిపోతుంది, కొలిచినవాళ్లూ సరేనంటారు. ఆ రోజుకు అది నిజమే.

తర్వాత జరిగేది చూడండి. మూపు వెనక గుంటల్లో పెరగాల్సిన కండ పలచటిది. పెరగాలంటే దానికి జాగా కావాలి, రక్తం ఆడాలి. ఇరుకు చట్రం కొసలు సరిగ్గా అక్కడే నొక్కుతాయి. గుర్రం నొప్పి తప్పించుకోవడానికి వీపును కిందికి దించి, మెడ పైకెత్తి, అడుగు కుదించి నడుస్తుంది. అలా నడిస్తే వీపు కండలు పని చేయవు. పని లేని కండ పెరగకపోగా ఉన్నదీ తరిగిపోతుంది, గుంటలు లోతవుతాయి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే, సన్నటి జీనే ఇప్పటికీ సరిగ్గా సరిపోతోంది! ‘ఈ గుర్రం తీరే అంత, ఎంత పెట్టినా ఒళ్లు చేయదు’ అని తీర్మానిస్తారు. ఆ తీరును తెచ్చిపెట్టింది జీనేనన్న అనుమానం ఎవరికీ రాదు.

తెల్లవెంట్రుకల మచ్చలు మూపు పక్కల ఉంటే అవి ఈ కథకు ఆనవాళ్లు. నొక్కుడుకు వెంట్రుక కుదుళ్లలో రంగునిచ్చే కణాలు దెబ్బతిన్నాయని అర్థం. మచ్చ కనిపించేది తర్వాత ఎప్పుడో, దెబ్బ తగిలింది ఎప్పుడో. పాత జీను చేసిన పాపం కొత్త జీను మీద పడకూడదు కాబట్టి, గుర్రం వచ్చిన రోజునే మచ్చలన్నింటికీ ఫోటోలు తీసి పెట్టుకోవడం మంచిది.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా ఇది. మారే గుర్రానికి జీను తీసుకుంటే, ఇప్పుడున్న కండకు కాకుండా ఎముకల గూడుకు, రావాల్సిన కండకు తగ్గట్టు కాస్త వెడల్పు చట్రం తీసుకోవాలి. మధ్యలో మిగిలే ఖాళీని మెత్తలతో పూడ్చాలి. వెడల్పు జీను కింద మెత్త వేయవచ్చు. ఇరుకు జీను కింద మెత్త వేస్తే, కరిచే చెప్పులోకి మందపు మేజోడు తొడిగి దూర్చినట్టే. మన దగ్గర ఎక్కువగా జరిగేది ఈ రెండోది. ఒకే జీనును ఐదు గుర్రాలకు మార్చి మార్చి వేస్తూ, కరిచిన గుర్రానికల్లా కింద ఇంకో మెత్త చేర్చే క్లబ్బులను చూశాను. పేర్లు ఎందుకు.

వెడల్పుకూ హద్దు ఉంది. మరీ వెడల్పైతే చట్రం మూపు మీద కూలబడుతుంది. రౌతు కూర్చున్నాక కూడా మూపుకూ జీను కమానుకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. దూరకపోతే ముందు మెత్త పెంచి లేపాలి. అప్పటికీ లేవకపోతే ఆ జీను ఈ గుర్రానిది కాదు.

సైన్యం ముందే పడిన తిప్పలు

ఈ తిప్పలు కొత్తవేమీ కాదు. క్లబ్బు గుర్రం ఏడాదిలో మారితే యుద్ధంలో గుర్రం నెలలోపే మారిపోతుంది. దక్షిణాఫ్రికాలో జరిగిన 1899–1902 బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం 3 లక్షలకు పైగా గుర్రాలను పోగొట్టుకుంది. ఓడ దిగినవాటిని తేరుకోనివ్వకుండా నడిపించడం, మేత చాలకపోవడం ప్రధాన కారణాలు. ఎముకలు తేలిన వీపు మీద బలిసిన వీపుకు కొలిచిన జీను వేస్తే పుళ్లు పడక ఏమవుతుంది? ఆ తర్వాత వచ్చిన 1912 నమూనా సైనిక జీనులో ఒక తెలివైన మార్పు ఉంది. ముందు వెనక ఉక్కు కమానులను పక్క బల్లలకు కీళ్లతో బిగించారు. గుర్రం చిక్కితే బల్లలు ఆ వాలుకు తిరుగుతాయి, బలిస్తే విచ్చుకుంటాయి. కింద మడతపెట్టిన కంబళి. మడత మార్చితే మందం మారుతుంది. రాత్రి అదే కంబళి కప్పుకోవడానికి.

జీను కింద వేసే మెత్తను ఇంగ్లిష్‌వాళ్లు నమ్నా అంటారు. అది మన దేశం నుంచి వెళ్లిన నమ్దా అన్న మాటే. ఉన్నిని తడిపి, తొక్కి, అట్టగా చేసే నమ్దా కశ్మీరులోనూ రాజస్థాన్‌లోని టోంకులోనూ ఇప్పటికీ తయారవుతుంది. మే నెల హైదరాబాదు ఎండలో రబ్బరు, జెల్ మెత్తలు గుర్రం వీపును ఉడకబెడతాయి. నన్నడిగితే ఉన్ని మెత్తకు సాటి లేదు.

కుట్లు విప్పుకునే వీలు

రవికె కుట్టించుకునేటప్పుడు ఆడవాళ్లు దర్జీతో ఒక మాట అంటారు, ‘లోపల గుడ్డ వదిలి నాలుగు కుట్లు వేయండి’ అని. ఒళ్లు వస్తే ఒక కుట్టు విప్పుకోవచ్చు. జీను కొనేటప్పుడు అడగాల్సింది ఇదే. ఇందులో ఎన్ని కుట్లు విప్పుకోవచ్చు? రవికె పక్కలు వదులు చేయగలం గానీ భుజం కొలత తప్పితే దర్జీ కూడా ఏం చేయలేడు. జీనుకు కూడా అలాంటి మారని భాగం ఉంది. చట్రం పొడవు, ముందు నుంచి వెనక్కి దాని వంపు ఎవరూ మార్చలేరు. గుర్రంలోనూ చివరి పక్కటెముక జరగదు, వెన్ను వంపు చప్పున మారదు. కాబట్టి మొదట ఈ రెంటినీ కుదుర్చుకోవాలి. వెడల్పు సంగతి తర్వాత. బజారులో అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు.

కమాను పట్టీ మార్చుకునే జీనులు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. స్క్రూలు విప్పి ఇరుకు పట్టీ తీసి వెడల్పు పట్టీ పెట్టుకోవచ్చు. మన ఐదేళ్ల గుర్రానికి ఇది మంచి ఉపాయం. కానీ అమ్మేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ముందు భాగం వెడల్పైతే జీను ముందుకు వాలుతుంది, కూర్చునే చోటూ ముందుకు ఒరుగుతుంది. వెనక భాగం, జీను అడుగు మెత్తల వంపు మారవు. పట్టీ మార్చిన ప్రతిసారీ జీను సమతలంగా కూర్చుందా లేదా పక్క నుంచి నిలబడి చూడాలి, అవసరమైతే ఆ మెత్తల్లో కూరినదాన్ని సర్దాలి.

మెత్తల్లో ఉన్ని ఉంటే ఆ పని వీలవుతుంది. కొత్త ఉన్ని మొదటి కొన్ని నెలల్లో నలిగి కుదురుకుంటుంది కాబట్టి మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి చూపించాల్సిందే. ఫోమ్ మెత్తలు నునుపుగా, అందంగా ఉంటాయి. మారే గుర్రానికి మాత్రం పనికిరావు, ఎందుకంటే అందులో విప్పే కుట్టే లేదు. చట్రమే లేని జీనులూ ఉన్నాయి. ఏ వీపుకైనా ఒదుగుతాయి. అయితే చట్రం చేసే పని బరువును పరచడం. అది లేకపోతే రికాబులు వేలాడే చోటే బరువంతా గుచ్చుకుంటుంది. తేలికైన రౌతు, తక్కువసేపు స్వారీ అయితే సరే.

జేబులున్న మెత్తలు దొరికితే వదలకండి. నాలుగు మూలలా జేబులు, వాటిలో పలచటి ఉన్ని ముక్కలు. గుంట ఉన్నచోట ముక్క పెడతాం, కండ వచ్చేకొద్దీ ఒక్కొక్కటే తీసేస్తాం. ఎడమ భుజం, కుడి భుజం సమంగా లేని గుర్రాలే ఎక్కువ. వాటికి చిన్న భుజం వైపు ఒక ముక్క ఎక్కువ పెట్టవచ్చు. చట్రాన్ని మాత్రం పెద్ద భుజానికి కొలవాలి.

కొనడం ఎక్కడన్న ప్రశ్నకు మన దేశంలో కాన్పూరు పేరు రాక తప్పదు. 1860ల్లో సైన్యానికి జీనులు చేయడంతో మొదలైన పరిశ్రమ ఇప్పుడు ప్రపంచమంతటికీ జీనులు పంపుతోంది, భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. పనితనానికి లోటు లేదు. లోటల్లా గుర్రాన్ని చూడకుండా సైజు నంబరు చెప్పి తెప్పించుకోవడంలోనే ఉంది.

తీగ, కాగితం, తేదీ

కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. డ్రాయింగు సామాన్ల దుకాణంలో వంచితే వంగి నిలిచే స్కేలు దొరుకుతుంది. అదీ లేకపోతే ఇంటి వైరింగుకు వాడే మందపు రాగి తీగ చాలు. గుర్రాన్ని సమంగా ఉన్న గచ్చు మీద నాలుగు కాళ్లూ సరిగా పెట్టించి, తల ఎదురుగా ఉండేలా నిలపాలి. మేతకు తల వంచితే వీపు లేస్తుంది, కొలత తప్పుతుంది. భుజపు పలకకు రెండు వేళ్లు వెనక ఒకసారి, వీపు బాగా పల్లమైన చోట ఒకసారి, చివరి పక్కటెముక దగ్గర ఒకసారి తీగను వీపు మీదుగా అడ్డంగా వంచి, జాగ్రత్తగా తీసి, పెద్ద కాగితం మీద గీయాలి. మూపు నుంచి వెనక్కి వెన్ను పొడవునా ఇంకొకటి. తేదీ వేయాలి. రెండు నెలలకోసారి అదే కాగితం మీద మరో రంగుతో.

గీత వెడల్పైందని సంబరపడేముందు అది కండా కొవ్వా చూడండి. 1983లో డాన్ హెన్నెకే అనే పరిశోధకుడు రూపొందించిన 1 (ఎముకలు తేలినది) నుంచి 9 (బాగా కొవ్వెక్కినది) దాకా లెక్క దీనికి పనికొస్తుంది. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరు చోట్లా చేత్తో నొక్కి కొవ్వు చూస్తారు. తోక మొదట్లో మెత్తగా ఉబ్బి, పక్కటెముకలు వేలికి తగలకపోతే అది ఉలవల ప్రతాపం. దానికి జీను మార్చకూడదు, దాణా తగ్గించాలి. తోక మొదలు మారకుండా మూపు వెనక గుంట పూడుతుంటే అది కండ. అప్పుడు కమాను పట్టీ మార్చండి.

స్వారీ తర్వాత చెమట మచ్చలు చూసి జీనును తేల్చేసేవాళ్లున్నారు. అక్కడ కాస్త ఆగాలి. తడి మధ్యలో పొడి చోటు ఉంటే, అక్కడ జీను అసలు తగలకపోయి ఉండవచ్చు, లేదా చెమట గ్రంథులు మూసుకునేంత గట్టిగా నొక్కి ఉండవచ్చు. ఆ చోట వేళ్లతో ఒత్తితే గుర్రం కుంగుతుందా లేదా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది.

జీను ఎప్పుడూ ఒకే పక్కకు జారిపోతుంటే జీనును తిట్టేముందు పశువైద్యుడిని పిలవండి. వెనక కాలిలో పైకి కనిపించని కుంటితనం ఉంటే జీను పక్కకు జరగడం తరచుగా జరుగుతుందని పైన చెప్పిన పరిశోధకులే చూపించారు. నొప్పి ఉన్న చోట మత్తు సూది ఇస్తే కుంటడంతోపాటు జీను జారడం కూడా ఆగిపోయింది. అలాంటి గుర్రానికి ఎన్ని జీనులు మార్చినా డబ్బు దండగ.

మన ఐదేళ్ల గుర్రానికి నేనైతే మొదటి ఏడాది ఖరీదైన జీను కొనను. పొడవు, వంపు కుదిరిన పాత జీను, కమాను పట్టీ మారేది, వెతికి తెస్తాను. కింద జేబుల మెత్త. రెండు నెలలకో గీత. కాగితం మీద మూడో గీత రెండోదానికి బయట, నాలుగోది ఇంకా బయట పడుతుంటే కాలం ఇంకా రాలేదని అర్థం. ఐదు, ఆరు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాక, స్వారీ చేసి ఒళ్లు వెచ్చబడిన గుర్రం దగ్గరికి జీను చేసేవాడిని పిలుస్తాను. కొన్న రోజున గీసిన కాగితాన్ని తేదీతో సహా జీను గది గోడకు అంటిస్తాను, పక్కనే మేకుకు ఆ రాగి తీగ.